చేతివేళ్ల జబ్బుకి నడుమెందుకు పట్టేస్తోంది?

ఈ నెల శీర్షికకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉండి, దానికి తోడు నడుం నొప్పో మెడ నొప్పో పడుతున్నవాళ్ల ఉత్తరాలు తీసుకున్నాం. వయసుతో మోకాళ్లు అరిగిపోయే జబ్బు వేరు, ఇది వేరు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తే వచ్చేది రుమటాయిడ్. ఊళ్లో రెండింటినీ కీళ్లవాతమనే పిలుస్తారు. సగం తికమక అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఉంది. వారానికి 15 మి.గ్రా. మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. వేళ్ల వాపులు బాగా తగ్గాయి. కానీ నాలుగు నెలలుగా నడుం నొప్పి. వాతం నడుముకి పాకిందని ఇంట్లో అందరూ అంటున్నారు. మందు పెంచుకోవాలా?
– ఒక గృహిణి, తెనాలి

పాకిందనుకోవడానికి ఆధారం తక్కువ. ఈ జబ్బు ఎక్కువగా పట్టుకునేది వేళ్ల కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు, మోకాళ్లు. వెన్నులో ప్రధానంగా మెడ పైభాగాన్ని ముట్టుకుంటుంది, నడుం దగ్గరి పూసల్ని దాదాపుగా వదిలేస్తుంది. మీ వేళ్లు శాంతించి, రక్తపరీక్షలో ఒంట్లోని వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా అదుపులో ఉంటే నడుం నొప్పికి వేరే కారణం వెతకాల్సిందే.

వేరే కారణమైనా రుమటాయిడ్‌తో సంబంధం లేదనుకోకండి. దొడ్డిదారిన ఉంటుంది. కాలివేళ్ల మొదళ్లు నొప్పిగా ఉన్న మనిషి పాదం పూర్తిగా ఆనించకుండా అంచు మీద నడుస్తారు. మోకాలు పూర్తిగా చాచలేనివాళ్లు కాస్త వంగి నడుస్తారు. ఆ వంకర నడక బరువంతా నడుం కండరాల మీద పడుతుంది. ఆ కండరాలేమో ఏళ్ల తరబడి నొప్పితో, విశ్రాంతితో అప్పటికే సన్నబడి ఉంటాయి. ఇలాంటివాళ్లకి నడుం బెల్టు కన్నా ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఎక్కువ మేలు చేస్తాయి. ముందుభాగం వెడల్పుగా, వెనక పట్టీతో ఉన్నవి చూసుకోండి. బొటనవేలి ఉంగరం ఒక్కటే ఉన్న చెప్పుల్ని వేళ్లతో పట్టి లాక్కుంటూ నడవాలి, అది ఇంకా చేటు.

నొప్పి సరిగ్గా ఎక్కడుందో ఒకసారి వేలు పెట్టి చూసుకోండి. చీర కుచ్చిళ్లు దోపుకునే గీతకు కాస్త అటూ ఇటూ ఉండి, కూర్చున్నా వంగినా పెరిగి, పడుకుంటే తగ్గితే అది కండరాలదో కీలు అరుగుదలదో. పిర్ర నుంచి మోకాలు దాటి పాదం దాకా తిమ్మిరితో లాగుతుంటే నరం మీద ఒత్తిడి. నొప్పి గజ్జల్లో ఉంటే అసలు నడుం సంగతే కాకపోవచ్చు, తుంటి కీలు కావచ్చు. కుర్చీలో కూర్చుని ఆ కాలి మడమను రెండో మోకాలి మీద పెట్టండి. గజ్జల్లో కలుక్కుమంటే, గోళ్లు తీసుకోవడానికి పాదం అందకపోతే తుంటిని చూపించుకోవాలి. రుమటాయిడ్ తుంటినీ తినేయగలదు. స్టిరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లలో తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు కూడా ఉంది. అది మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, ఎమ్మారైలోనే తెలుస్తుంది. నడుం ఎమ్మారై తీయించుకుని 'పూసల మధ్య డిస్క్ కొద్దిగా ఉబ్బింది' అన్న మాట దగ్గర ఆగిపోయి, తుంటిని ఎవరూ చూడక ఏడాది గడిచిపోయిన సందర్భాలు తక్కువేం కాదు. ఏ నొప్పీ లేనివాళ్లకి ఎమ్మారై తీసినా చాలామందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది.

ఇక మందు పెంచడం. మెథోట్రెక్సేట్ నొప్పి బిళ్ల కాదు, జబ్బుని అదుపు చేసే మందు. దాని పని తెలియడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కొత్తగా కీళ్లు వాస్తుంటే పెంచాలో వద్దో డాక్టర్ చూస్తారు, నడుం కోసం మీరు పెంచకండి. ఇంకో ముఖ్యమైన మాట: ఇది వారానికి ఒక్క రోజే. నొప్పి ఎక్కువైందని రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని, నోట్లో పుళ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఫోలిక్ యాసిడ్ బిళ్ల డాక్టర్ చెప్పిన వేరే రోజున.

ప్రశ్న: మా అమ్మకి 63 ఏళ్లు. కీళ్లవాతానికి మూడేళ్లుగా రోజూ 10 మి.గ్రా. ప్రెడ్నిసలోన్ వాడుతోంది. నెల కిందట నీళ్ల బకెట్ ఎత్తబోతే వీపు మధ్యలో కలుక్కుమంది. కింద పడలేదు. బెణికిందని ఇక్కడ సూదులు వేశారు. తగ్గలేదు. నిలబడితే నొప్పి, పడుకుంటే నయం.
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

బెణుకు నెల రోజులు ఇలా ఉండదు. ప్రెడ్నిసలోన్ స్టిరాయిడే. అది వాడుతున్న మనిషికి బకెట్ ఎత్తగానే వీపు మధ్యలో నొప్పి, నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. ఇంత వింటే మొదట అనుమానించాల్సింది వెన్నుపూస కుంగి విరగడం. పడకపోయినా విరుగుతుంది. బోలుగా మారిన పూస, ఖాళీ అగ్గిపెట్టె నొక్కినట్టు ముందువైపు చప్పగా అవుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు రెండు విషయాలు గమనించండి. వీపు మధ్య ఎముక మీద వేళ్లతో మెల్లగా తట్టితే ఒకే చోట జివ్వుమంటోందా? ఆమె ఎత్తు తగ్గిందా? మునుపు సరిగ్గా ఉండే చీర కుచ్చిళ్లు ఇప్పుడు నేలకు జీరాడుతున్నాయేమో అడగండి, ఆడవాళ్లు ఇది ముందే కనిపెడతారు. వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గితే పూసలు కుంగాయేమోనని చూడాల్సిందే. వీపు, నడుం కలిసేలా పక్కనుంచి తీసే ఎక్స్‌రే అడగండి. ఒట్టి నడుం ఎక్స్‌రే తీస్తే పైపూస విరుపు తప్పిపోతుంది.

విరుపే అయితే చాలావరకు ఆరు నుంచి పన్నెండు వారాల్లో అతుక్కుంటుంది. మొదటి కొద్ది రోజులు పడుకోవచ్చు. ఆ తర్వాత కూడా మంచం దిగకపోతే ఎముక ఇంకా పలచనవుతుంది, కండ కరుగుతుంది. ముందుకు వంగడం, వంగి పక్కకు తిరగడం, బరువెత్తడం మాత్రం మానాలి. కాళ్లు చాపి వేళ్లు అందుకునే ఆసనాలు ఈమెకి నిషేధం. నడుం తోముడు, తైలం పెట్టి తొక్కించడం కూడా వద్దు.

ఎముక ఎందుకు ఇలా అయిందంటే: స్టిరాయిడ్ కొత్త ఎముక కట్టే పని తగ్గిస్తుంది, పేగు నుంచి కాల్షియం ఎక్కనివ్వదు, మూత్రంలో బయటికి పంపేస్తుంది. ఎక్కువ నష్టం మొదటి ఆరు నెలల్లోనే. పైగా రుమటాయిడ్ తనంతట తానే ఎముకను పలచన చేస్తుంది. అందుకే స్టిరాయిడ్ మూడు నెలలు దాటి వాడబోతున్నారంటే, డోసు రోజుకు 2.5 మి.గ్రా. అయినా సరే, మొదట్లోనే ఎముకల సంగతి చూడాలి. మీ అమ్మగారికి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. అందులో వచ్చే టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. పూస ఇప్పటికే విరిగి ఉంటే స్కోరు ఎలా ఉన్నా మందు అవసరమే.

కాల్షియం రోజుకి 1000 నుంచి 1200 మి.గ్రా. కావాలి, తిండితో కలిపి. పావులీటరు పాలల్లో 300 మి.గ్రా. దాకా వస్తుంది. వంద గ్రాముల రాగిపిండిలో 350 అటూ ఇటూ. మిగిలినదానికే బిళ్ల. బిళ్ల కొనేటప్పుడు అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి: 1250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. అన్నం తిన్నాక వేసుకోవాలి. ఐరన్ బిళ్లతో కలిపి వేయకండి. థైరాయిడ్ బిళ్లకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు లోపం ఉన్నవాళ్లకి సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. 'బలానికి' అని రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీలకి దెబ్బ.

ఎముకల కోసం డాక్టర్ అలెండ్రోనేట్ 70 మి.గ్రా. రాస్తే అది వారానికొక బిళ్ల. పొద్దున పరగడుపున, గ్లాసు నిండా మామూలు నీళ్లతో. కాఫీతో కాదు, పాలతో కాదు. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, పడుకోకూడదు. చాలామంది తప్పేది ఈ చివరిదే: బిళ్ల వేసుకుని మళ్లీ నడుం వాలుస్తారు, బిళ్ల అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. కూర్చోలేనివాళ్లకి, మింగుడు కష్టమైనవాళ్లకి ఏడాదికోసారి నరం ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. కిడ్నీలు బాగా బలహీనంగా ఉంటే ఈ రెండూ పనికిరావు. పళ్లు పీకించుకునే పని ఉంటే మందు మొదలుపెట్టే ముందే ముగించండి.

ఇదంతా చదివి ప్రెడ్నిసలోన్ రేపటి నుంచి ఆపేయకండి. మూడేళ్లు బయటినుంచి స్టిరాయిడ్ అందిన ఒళ్లు తనది తయారుచేసుకోవడం మరిచిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు, ప్రాణాపాయం కూడా. మెట్టు మెట్టుగా తగ్గించడం రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతాల డాక్టర్, చేతిలో పని. అక్కడ వేసిన ఆ సూదుల పేర్లు కూడా రాయించుకుని తీసుకెళ్లండి, వాటిలో ఇంకో స్టిరాయిడ్ ఉండే అవకాశం లేకపోలేదు.

ప్రశ్న: నడుం నొప్పికి ఫిజియోథెరపిస్టు బొమ్మల కాగితం ఇచ్చారు. అందులో సగం వ్యాయామాలు అరచేతులు నేలకానించి చేయాలి. నా మణికట్లు ఒప్పుకోవు. మోకాలిని వేళ్లతో పట్టుకుని లాగలేను. పొద్దున మంచం మీంచి లేవడమే గండం.
– ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

ఆ కాగితం మామూలు నడుం నొప్పివాళ్ల కోసం అచ్చేసింది. దాన్ని మీ చేతులకు తగ్గట్టు మార్చుకోవాలి.

ముందు మంచం సంగతి. వెల్లకిల పడుకున్న మనిషి నేరుగా తల ఎత్తి లేస్తే బరువంతా నడుం మీద. రెండు మోకాళ్లు మడవండి. భుజాలు, తుంటి, మోకాళ్లు ఒకేసారి, దుంగ దొర్లినట్టు పక్కకి తిరగండి. పాదాలు మంచం దించండి. ఆ బరువే మిమ్మల్ని సగం లేపుతుంది. మిగతా సగానికి మోచేయి, ముంజేయి పరుపు మీద ఆనించి నెట్టండి. పిడికిలి బిగించి కణుపుల మీద ఒత్తిడి పెట్టకండి, ఏళ్ల తరబడి అలా నెట్టడం వంకరపోయే వేళ్లని ఇంకా వంకర చేస్తుంది. మంచం ఎత్తు మీ మోకాలి ఎత్తుకు తగ్గకూడదు. నులక జారి ఊయలలా వేలాడే మంచం వద్దు. కింద చాప మీద పడుకోవడం నడుముకి మంచిదని చెప్పేవాళ్లుంటారు, కానీ నేల మీంచి లేవడానికి మీ మోకాళ్లూ మణికట్లూ కట్టే సుంకం ఎవరూ లెక్కేయరు.

పొద్దున లేచిన మొదటి గంట ముందుకు వంగే పనులు పెట్టుకోకండి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. రుమటాయిడ్ బిగుసుదనం కూడా సరిగ్గా ఆ వేళకే. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే పని ఆ గంట దాటాక, లేదా ఇంకొకరికి. వ్యాయామం వేడినీళ్ల స్నానమయ్యాకో సాయంత్రమో.

చేయాల్సినవి ఇవి. పరుపు మీద వెల్లకిల పడుకుని మోకాళ్లు మడిచి, నడుం కింది సందుని పరుపుకి ఆనించేలా పొట్ట బిగించండి. అయిదు సెకన్లు, పది సార్లు. ఊపిరి బిగబట్టకండి, పైకి అంకెలు లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. అదే భంగిమలో పిర్రలు జానెడు ఎత్తి అయిదు సెకన్లు ఆపి దించండి. అయిదుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పదికి. మోకాలిని ఛాతీకి లాగే వ్యాయామానికి పాత చున్నీ తీసుకుని తొడ వెనక నుంచి వేసి, రెండు కొసలూ ముంజేతులకి చుట్టుకుని లాగండి. వేళ్లకి పనే ఉండదు. ఎముకలు గుల్లబారినవాళ్లు మాత్రం దీన్ని వదిలేయాలి.

చేతులు నేలకానించి కాలు వెనక్కి చాపే వ్యాయామం ఉంది కదా, దాన్ని డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి చేయండి. రెండు ముంజేతులూ టేబుల్ మీద పరిచి, కాస్త వాలి, ఒక్కో కాలిని వెనక్కి జానెడు ఎత్తండి. నడుం ఊగకూడదు. ఎత్తు ముఖ్యం కాదు, ఊగకపోవడమే ముఖ్యం. చివరికి చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అయిదు నుంచి పది సార్లు. లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి.

ఎంత చేయాలనేదానికి ఒక కొలత ఉంది: వ్యాయామం ముగిశాక పెరిగిన నొప్పి రెండు గంటలు దాటి ఉంటే మోతాదు ఎక్కువైంది, మర్నాడు సగం చేయండి. పూర్తిగా మానకండి. కీళ్లు ఎర్రగా వాచిన రోజుల్లో బరువు పెట్టేవి ఆపి, కీళ్లని మెల్లగా ఆడించి సరిపెట్టండి. నడక పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి, ఒకేసారి అరగంట కన్నా అదే తట్టుకోవడం తేలిక.

వంటింట్లో పొయ్యి ముందు ఒక పీట వేసుకుని ఒక కాలు దానిమీద, కాసేపయ్యాక రెండోది. నడుం వంపు సడలుతుంది. గ్రైండర్ లోంచి రాయిని ఎత్తకండి, పిండి గరిటెతో చిన్న గిన్నెలోకి తీసుకోండి. బిందెకు బదులు రెండు చిన్న చెంబులు. సంచి వేళ్లకి తగిలించకుండా ముంజేతికి. నిలబడి ఊడ్చే పొడుగు కర్ర చీపురు. కూర్చునే కమోడ్ లేకపోతే ముందు అది పెట్టించండి, గొంతుక్కూర్చుని లేవడంలో మోకాలు, తుంటి, నడుం మూడూ నలుగుతాయి.

కాపడం పదిహేను ఇరవై నిమిషాలు, సంచికి తువ్వాలు చుట్టి. వాచి వేడిగా ఉన్న కీలుకి కాపడం వద్దు, చల్లటి గుడ్డ పెట్టండి. బామ్ రాసి దాని మీద వేడినీళ్ల సంచి పెడితే చర్మం కాలుతుంది.

ప్రశ్న: నాకు 58. బీపీ ఉంది. మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఎసిక్లోఫెనాక్–పారాసెటమాల్ కలిపిన బిళ్ల ఇస్తే పొద్దున, రాత్రి వేసుకుంటున్నా. మధ్యలో 650 పారాసెటమాల్ కూడా. ఎన్నాళ్లు వాడొచ్చు?
– ఒక వ్యాపారి, నెల్లూరు

లెక్క వేద్దాం. ఆ జంట బిళ్లలో సాధారణంగా ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 ఉంటాయి. రెండు బిళ్లలకి 650, పైన విడిగా ఎన్నిసార్లు 650 వేశారో కలపండి. రోజుకి మొత్తం మూడు గ్రాములు దాటనివ్వకండి. మెథోట్రెక్సేట్ కూడా కాలేయం మీదే భారం వేస్తుంది కాబట్టి తక్కువలో ఉంటే మంచిది. మద్యం అలవాటుంటే ఈ లెక్క ఇంకా బిగించాలి.

అసలు భయం ఎసిక్లోఫెనాక్ గురించి. ఈ జాతి బిళ్లలు బీపీ పెంచుతాయి, కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది, దానితోపాటు నీరు పోయే బిళ్ల, పైన ఇది, మూడూ ఒకచోట చేరితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. మీ బీపీ బిళ్ల అట్ట వెనక పేరు చూడండి, రెండు మందులు కలిపిన బిళ్లయి ఉండొచ్చు. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీ ద్వారానే. కిడ్నీ మందగిస్తే అది ఒంట్లో పేరుకుంటుంది, నోటిపూత దాని మొదటి గుర్తు. రుమటాలజిస్టుకి తెలిసి, మూడు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), లివర్, రక్తకణాల పరీక్ష చేయించుకుంటూ ఉంటే, నొప్పి ఉన్న కొద్ది రోజులు వాడొచ్చు. మీరు చేస్తున్నట్టు షాపు లెక్కన కాదు. నెల్లూరు ఎండల్లో వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఈ బిళ్ల ఆపి, ఆ వారం మెథోట్రెక్సేట్ వేసుకునే ముందు డాక్టర్‌ని అడగండి. మలం తారులా నల్లగా వస్తే పేగులో రక్తం పోతున్నట్టు, అదే రోజు ఆస్పత్రికి.

అడగకపోయినా చెబుతున్నాం: మూత్రంలో మంటకి కో-ట్రైమోక్సజోల్ అనే పాత యాంటీబయాటిక్ ఇంకా ఇస్తుంటారు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు దాన్ని తీసుకోకూడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మెథోట్రెక్సేట్ పేరు ముందు చెప్పండి.

డబ్బాలో పోసి ఇచ్చే పేరులేని చూర్ణం మూడు రోజుల్లో నడుమూ వేళ్లూ అన్నీ తేలిక చేసిందంటే అందులో స్టిరాయిడ్ కలిసి ఉండొచ్చని అనుమానించండి. మొహం గుండ్రంగా ఉబ్బడం, మానేయగానే నొప్పి రెట్టింపవడం దాని ఆనవాళ్లు.

ప్రశ్న: రుమటాయిడ్ పన్నెండేళ్లుగా ఉంది. మెడ, తల వెనక భాగం నొప్పి. క్షవరం అయ్యాక మెడ అటొక విరుపు ఇటొక విరుపు విరిపించుకుంటే హాయిగా ఉంటుంది. పరవాలేదా?
– ఒక పాఠకుడు, వరంగల్

వద్దు. ఇవాళ్టి నుంచే మానేయండి.

మొదటి జవాబులో రుమటాయిడ్ మెడని ముట్టుకుంటుందన్నాం. తలని మోసే మొదటి పూసకీ రెండో పూసకీ మధ్య పట్టీలా ఒక స్నాయువు ఉంటుంది. ఏళ్ల వాపుతో అది సడలితే పూస ముందుకు జారుతుంది, దాని వెనకే వెన్నుపాము. అక్కడ చేసే విరుపు కాళ్లూ చేతులూ పడిపోయేదాకా తీసుకుపోగలదు. మెడ ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి పక్కనుంచి ఎక్స్‌రేలు తీయిస్తారు. పెద్దవాళ్లలో ఆ రెండు పూసల మధ్య ఎడం మూడు మిల్లీమీటర్లు దాటితే జారినట్టు లెక్క, అప్పుడు ఎమ్మారై. మెడ వంచినప్పుడు వెన్నులో కరెంటు కొట్టినట్టుండటం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం కనిపిస్తే ఆ వారమే చూపించుకోవాలి. చొక్కా గుండీల విషయంలో పొరపడొద్దు: వేళ్ల వాపు వల్ల పెట్టుకోలేకపోవడం వేరు, వాపు లేని రోజున కూడా వేళ్లు మాట వినకపోవడం వేరు.

శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం మీకు లేవు. తల మీద మూటలు మోయొద్దు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టర్‌కి 'నాకు రుమటాయిడ్, మెడ నొప్పి ఉంది' అని మీరే చెప్పండి. మత్తిచ్చాక గొట్టం వేయడానికి మెడ వెనక్కి వంచుతారు, వాళ్లకి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: వయసు 28. రాత్రి మూడు, నాలుగింటికి నడుం నొప్పితో మెలకువ వస్తుంది. లేచి అటూ ఇటూ తిరిగితే తగ్గుతుంది. ఆదివారం పడుకునే ఉంటే ఇంకా ఎక్కువ. ఆర్ఏ ఫ్యాక్టర్ కొద్దిగా పెరిగిందని రుమటాయిడ్ అన్నారు. మెథోట్రెక్సేట్ ఆరు నెలలు వాడినా నడుముకి ఏమీ తేడా లేదు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మీ ఉత్తరంలో రుమటాయిడ్ ఎక్కడా కనిపించడం లేదు. నలభై లోపు వయసు, తెల్లవారుజాము నొప్పి, విశ్రాంతితో ఎక్కువ, కదలికతో తక్కువ. ఇవి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) కుటుంబం లక్షణాలు. ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. రుమటాయిడ్‌ని తేల్చడానికి యాంటీ-సీసీపీ అనే రక్తపరీక్ష ఇంకా నమ్మదగ్గది. మీకు కావాల్సింది త్రికం, కటి ఎముకలు కలిసే కీళ్ల ఎమ్మారై, ఈ జబ్బుతో ముడిపడిన జన్యువుని చూసే హెచ్‌ఎల్‌ఏ-బీ27 రక్తపరీక్ష. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, మడమ వెనక నొప్పి, ఒంటి మీద పొలుసులు ఎప్పుడైనా వచ్చాయేమో గుర్తుచేసుకుని రుమటాలజిస్టుకి చెప్పండి. ఆ జబ్బే అయితే వెన్ను మీద మెథోట్రెక్సేట్ పనిచేయదు, మందుల దారే వేరు. రోజూ వ్యాయామం అక్కడ మందుతో సమానం.

ప్రశ్న: మా అక్క టోఫాసిటినిబ్ బిళ్లలు ఏడాదిగా వాడుతోంది. రెండు నెలలుగా నడుం నొప్పి, రాత్రిళ్లు కూడా తగ్గదు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంది. అయిదు కిలోలు తగ్గింది. దగ్గు లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

ఇంకో వారం ఆగకండి. టోఫాసిటినిబ్, అడాలిముమాబ్ లాంటి రుమటాయిడ్ మందులు రక్షణ వ్యవస్థని అణుస్తాయి, లోపల నిద్రపోతున్న క్షయ క్రిమి లేస్తుంది. అందుకే అవి మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేస్తారు. అప్పుడు బాగున్నా తర్వాత రాదని లేదు. వెన్నుపూసకి వచ్చే క్షయకి దగ్గు ఉండాలనీ లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండగానే వెన్ను తినేయొచ్చు. స్టిరాయిడ్ కూడా వాడుతుంటే జ్వరం బయటపడదు, కాబట్టి వెచ్చబడటం తక్కువగా ఉందని తీసిపారేయకండి. వెన్ను ఎమ్మారై, ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేయించాలి. ఎమ్మారైలో తేడా ఉంటే అక్కడినుంచి సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. క్షయే అయితే మందులు నెలల తరబడి వాడాలి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. టోఫాసిటినిబ్ ఆపాలా అన్నది ఇవాళే రాసిచ్చిన డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి.

రెండు కాళ్లూ బలహీనపడటం, మూత్రం రాక బిగబట్టడం, మలమూత్రాలు తెలియకుండా పోవడం, కూర్చునే చోట మొద్దుబారడం. వీటిలో ఏది కనిపించినా అది గంటల్లో ఆస్పత్రికి చేరాల్సిన పరిస్థితి.

ప్రశ్న: నడుం బెల్టు రోజంతా పెట్టుకోవచ్చా? వేళ్ల వల్ల దాన్ని బిగించుకోవడమే కుదరడం లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

రోజంతా వద్దు. ప్రయాణం, ఎక్కువసేపు నిలబడే వంట లాంటి పనులప్పుడు గంట, రెండు గంటలు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు తీసేయండి, లేకపోతే ఉన్న కండరాలు కూడా పని మరిచిపోతాయి. వేళ్లతో లాగాల్సిన వెల్క్రో కొసలకి దర్జీ చేత నాలుగు అంగుళాల గుడ్డ ఉచ్చులు కుట్టించండి. బొటనవేళ్లు కాదు, అరచేయి మొత్తం దూరేంత వెడల్పు ఉండాలి. పడుకుని, పొట్ట సడలించి, రెండు చేతులూ ఉచ్చుల్లో దూర్చి మోచేతులు పక్కలకి చాపితే బెల్టు బిగుస్తుంది. లోపల పలచటి నూలు బనీను ఉంటే చెమటకి ఒరుసుకోదు.